ఉమ్మె కుల్సూమ్ గానం - నర్తకి సాధన

నృత్యం నేర్చేవారికి గురువు తరువాత గురువంతటిది పాట. అడుగు తప్పితే గురువు దిద్దగలడు. సాధనకు ఎన్నుకొన్న పాటే తప్పయినప్పుడు మాత్రం ఎంత దిద్దినా ఆ అడుగు నిలవదు. మన కూచిపూడి విద్యార్థికి ఈ చిక్కు అంతగా లేదు. ఏ శబ్దం ముందు, ఏ దరువు వెనుక అన్నది సంప్రదాయమే నిర్ణయించి పెట్టింది. తాళం పట్టే గురువు ఎదుటనే కూర్చొని ఉంటాడు. అరబ్బుల నృత్యం నేర్చేవారికి ఈ సౌకర్యం తక్కువ. పాశ్చాత్యులు బెల్లీ డాన్స్ అని పేరు పెట్టి ప్రపంచమంతటా చాటిన ఆ నృత్యాన్ని ఈజిప్టువారు రక్స్ షర్కీ అంటారు. రక్స్ అంటే నృత్యమనీ, షర్క్ అంటే తూర్పు అనీ మా ఉర్దూ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఆద్యంతం ముందే కూర్చిన అడుగుల వరుస ఉండి తీరాలన్న నియమం ఆ నృత్యంలో లేదు. వినిపించే వాద్యాన్ని బట్టి నర్తకి అప్పటికప్పుడు కదలికను కల్పించుకొంటుంది. కనుక ఏ పాటకు సాధన చేయాలన్న ప్రశ్నకు సమాధానం తెలియడమే అక్కడ సగం విద్య.

ఆ ప్రశ్నకు కైరోలోనే గాక యూరప్, అమెరికా, జపాన్ దేశాల నృత్యశాలల్లో కూడ తరచుగా వినవచ్చే జవాబు ఒక గాయని పేరు. ఆమె ఉమ్మె కుల్సూమ్. కొంత చేయి తిరిగిన విద్యార్థినికి ఇచ్చే పాఠాలలో ఆమె పాటల ఆరంభ వాద్యసంగీతానికి పెద్ద పీట ఉన్నది. ఇందులో ఒక వింత ఉన్నది. నృత్యానికి తోడుగా పాడడం ఆమె వృత్తి కాదు. పైగా, ఆడిపాడే స్త్రీల కోవలో తమ బిడ్డను ఎవరూ లెక్కించరాదని ఆమె తండ్రి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అట్టి గాయని పాట నర్తకుల సాధనకు ఆధారమైన తీరు తెలియాలంటే ఆమె జీవితాన్ని మొదటినుండి చూడవలసి ఉంటుంది. మేము ఈ వ్యాసానికి పూనుకొన్నది అందుకే.

పేరును గూర్చి ఒక మాట. ఇది మహాప్రవక్త కుమార్తెలలో ఒకరి పేరు. మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఈ పేరు గల తల్లులూ చెల్లెళ్ళూ ఎందరో ఉన్నారు. అరబ్బీలో ఈ పేరులోని అక్షరాన్ని నాలుక కొనను పళ్ళ నడుమ ఉంచి పలుకుతారు గనుక ఉమ్ కుల్తూమ్ అని వ్రాసేవారు కూడ ఉన్నారు. ఈజిప్టు సామాన్య జనం సకారంతోనే పలుకుతారు. మేమూ మన ఇళ్ళలోని ఉచ్చారణనే అనుసరిస్తున్నాము.

నైలు నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే డెల్టాలో, దఖలియా మండలంలో, సింబిల్లావైన్ పట్టణానికి చేరువన ఒక చిన్న పల్లె ఉన్నది. దాని పేరు తమ్మాయ్ అజ్జహాయిరా. ఉమ్మె కుల్సూమ్ పుట్టినది అక్కడే. పుట్టిన సంవత్సరం 1898 అని కొందరు, 1904 అని మరికొందరు చెబుతారు. పేదపల్లెలో పుట్టిన ఆడపిల్ల పుట్టుక ఎవరు జాగ్రత్తగా వ్రాసి పెట్టుకొంటారు? తండ్రి షేక్ ఇబ్రాహీం ఆ ఊరి మసీదులో ఇమాము. ఆ రాబడి చాలక పెళ్ళిళ్ళలోను, పండుగలలోను భక్తిగీతాలు పాడి నాలుగు డబ్బులు తెచ్చుకొనేవాడు. కుమారుడు ఖాలిద్‌కు ఆ పాటలు నేర్పేవాడు. ప్రక్కన ఆడుకొంటున్న చిన్నపిల్ల విని, ఎవరూ నేర్పకుండానే ఆ పాటలను ఒప్పజెప్పిందట. తండ్రి ఆశ్చర్యపోయి ఆమెను కూడ వెంట తీసుకొని వెళ్ళడం మొదలుపెట్టాడు. తొలిసారి జనం ముందు పాడడానికి మారాం చేస్తే, మన పాయసం వంటి ముహల్లబియ్యా ఆశ చూపి పాడించారని అంటారు. పల్లె బడిలో ఖురాను వల్లించడం నేర్చుకొన్నది. ప్రతి అక్షరాన్నీ దాని స్థానం నుండి, దాని నిడివితో, స్పష్టంగా పలికే శిక్షణ అది. తరువాతి కాలంలో ఆమె ఉచ్చారణను పండితులు మెచ్చుకొన్నారంటే దాని మూలం ఆ పల్లె బడిలో ఉన్నది.

పిల్ల ఎదుగుతున్న కొలది తండ్రికి దిగులు పట్టుకొన్నది. ఆ దిగులును అర్థం చేసుకోవాలంటే ఆనాటి ఈజిప్టులో పాడే స్త్రీకి, ఆడే స్త్రీకి ఉన్న స్థానం తెలియాలి. ఆలిమ అంటే విదుషి. మన ఉర్దూలో నేటికీ ఆ మాటకు అదే గౌరవార్థం. కాని ఈజిప్టులో ఆ మాటను అంతఃపురాలలో పాటపాడే స్త్రీలకు వాడి, వాడి, చివరకు పెళ్ళి ఊరేగింపులలో ఆడిపాడే వారికి వాడారు. అర్థం అడుగంటింది. వీధులలో ఆడే గవాజీ స్త్రీల గతి మరింత హీనం. 1834లో మహమ్మద్ అలీ పాషా ప్రభుత్వం వారిని కైరో నగరం నుండి వెళ్ళగొట్టింది. వినోదానికి వారు కావాలి, గౌరవానికి మాత్రం పనికిరారు. మన దేశంలో కూడ ఆటపాటలనే నమ్ముకొన్న స్త్రీల చరిత్ర ఇంతకంటె భిన్నంగా లేదు గనుక మనం ఈజిప్టును వేలెత్తి చూపనక్కరలేదు.

ఈ కారణం చేతనే షేక్ ఇబ్రాహీం కూతురుకు మగపిల్లవాడి దుస్తులు తొడిగించాడు. పొడుగాటి కోటు, తలకు బెదూయిన్ తలగుడ్డ. చూచినవారు షేక్ గారి కుమారుడు పాడుతున్నాడనుకోవాలి. కనీసం అట్లా అనుకొన్నట్లు నటించడానికి వారికి వీలుండాలి. కాలినడకన, గాడిదలపైన, రైళ్ళలో ఊరూరా తిరిగి తండ్రీ పిల్లలూ పాడారు. అవి దేవుని స్తుతులు, ప్రవక్త కీర్తనలు. వాద్యాలు లేవు. నృత్యపు వాసన కూడ సోకరాదని తండ్రి పట్టుదల. ఆ పిల్ల స్వరం మాత్రం డెల్టా పల్లెలు దాటి రాజధాని దాకా వినబడింది.

1923 ప్రాంతాన కుటుంబం కైరో చేరింది. షేక్ అబుల్ అలా అనే విద్వాంసుడు ఆమెకు కవితను అర్థమెరిగి పాడడం నేర్పాడు. అహ్మద్ రామీ అనే యువకవి పుస్తకాలు తెచ్చి చదివించి, తరువాత ఆమె కొరకు అనేక గీతాలు వ్రాశాడు. నగరవాసులు ఆమె పల్లెటూరి వేషాన్ని, వెనుక నిలబడి వంతపాడే తండ్రినీ అన్ననూ చూచి నవ్వుకొన్నారు. నవ్వులు సహించి నేర్చుకొన్నది. 1926లో బంధువుల వంతపాటకు స్వస్తి చెప్పి, మేటి వాద్యకారులను వెంట నిలుపుకొన్నది. ఆ చిన్న వాద్యబృందాన్ని అరబ్బులు తఖ్త్ అంటారు. వాద్యకారులు కూర్చొనే వేదిక పేరే బృందానికి వచ్చింది. అందులో ఊద్, కానూన్, వయొలిన్, చిన్న గిలకల కంజీర వంటి రిఖ్ ఉంటాయి. కానూన్ అంటే చట్టమని మాత్రమే ఎరిగిన మా విద్యార్థులకు, ఒడిలో పెట్టుకొని మీటే డెబ్బదికి పైగా తంత్రుల వాద్యం కూడ కానూనే అని తెలిస్తే ఆశ్చర్యం కలుగవచ్చు.

సరిగ్గా ఆ 1926లోనే అదే కైరో నగరంలో మరొక ఘట్టం జరిగింది. బదియా మసాబ్నీ అనే కళాకారిణి ఒక వినోదశాల తెరిచింది. ఇరుకు గదులలోను, పెళ్ళి పందిళ్ళలోను నిలిచిన చోటనే ఆడే నృత్యానికి అక్కడ విశాలమైన రంగస్థలం దొరికింది. స్థలం పెరిగేసరికి అడుగు పెరిగింది, చేతులు విచ్చుకొన్నాయి, వాద్యబృందం కూడ పెద్దదయింది. సినిమాల ద్వారా ప్రసిద్ధికెక్కిన తహియా కారియోకా, సామియా గమాల్ ఆ శాలలోనే తయారయ్యారు. ఒకే నగరంలో, ఒకే ఏట, రెండు దారులు పడ్డాయి. ఒకటి చెవులతో వినవలసిన గానం, రెండవది కన్నులతో చూడవలసిన నృత్యం. ఆ రెండూ కలవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఈ మధ్యకాలం ఆమె కీర్తికి మధ్యాహ్నం. మహమ్మద్ అల్ కసబ్జీ, జకరియా అహ్మద్, రియాజ్ అస్సున్బాతీ అనే ముగ్గురు స్వరకర్తలు మూడు విధాల ఆమె స్వరాన్ని తీర్చారు. 1934 మే 31న ఈజిప్టు జాతీయ రేడియో ఆరంభమయింది. తరువాత ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ ప్రసారం కావడం ఆచారమయింది. ఆ రాత్రులలో కైరో మొదలుకొని బాగ్దాదు, కాసాబ్లాంకా వరకు వీధులు నిర్మానుష్యమయ్యేవని ఆ తరం వారు చెప్పుకొంటారు. ఒక్కొక్క పాట గంటకు పైగా సాగేది. పాట పెద్దదని కాదు; ఒకే చరణాన్ని శ్రోతల కోరికపై పదిసార్లు పాడితే పదిసార్లూ వేరు వేరు స్వరాల దారుల్లో నడిపించేది. దాని వలన శ్రోతలో కలిగే పారవశ్యాన్ని అరబ్బులు తరబ్ అంటారు. ఉర్దూ గజళ్ళలో కనబడే ముత్రిబ్ ఆ తరబ్‌ను కలిగించే గాయకుడే. ఇట్టి గానానికి నర్తకి సాధన చేయడం కష్టం. పాడుతున్న మనిషి ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడికి తిరిగి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కదా.

1936 నుండి 1947 వరకు ఆరు చిత్రాలలో నటించింది. వాటిని గూర్చి ఎక్కువ చెప్పము. అయితే 1945 నాటి సల్లామా చిత్రంలో జకరియా అహ్మద్ కూర్చిన గన్నీలీ శ్వయ్య శ్వయ్య అనే గీతాన్ని మాత్రం మరువరాదు. మెల్లమెల్లగా పాడుమని అర్థం వచ్చే ఆ పేరుతోనే గీతం మొదలవుతుంది. సినిమా కొరకు కూర్చినది గనుక చిన్నది, లయ స్థిరమైనది, పల్లవి సులువుగా పట్టుబడేది. నేటికీ నృత్యశాలల్లో ఆరంభ విద్యార్థులకు దీనిని వినిపిస్తారు. మా ఉద్దేశంలో ఆమె పాటలను సాధనకు తీసుకొనేవారు మొదలుపెట్టవలసింది ఇక్కడినుండే గాని పెద్ద పాటల నుండి కాదు.

1940ల చివర థైరాయిడ్ వ్యాధి ఆమెను పీడించింది. కన్నులు బాధించినందున నల్లకళ్ళద్దాలు ధరించడం అలవాటయింది. చేతిలో పట్టు రుమాలు, కన్నులకు నల్లద్దాలు, ఇవి లేని ఆమె చిత్రపటం అరుదు. రాజు ఫరూక్ బిరుదమిచ్చాడు. 1952లో రాజు పోయాడు. వచ్చిన నాసర్ కూడ ఆమె అభిమానియే. 1954లో వైద్యుడైన హసన్ అల్ హిఫ్నావీని వివాహమాడింది.

ఇక 1964. ఆమెకు సాటివాడుగా, పోటీగా దశాబ్దాల పాటు నిలిచిన స్వరకర్త, గాయకుడు మహమ్మద్ అబ్దుల్ వహాబ్. ఆయనది కొత్త పోకడల సంగీతం, ఆమెది సంప్రదాయపు బాట అని లోకం అనుకొనేది. ఇద్దరూ కలిసి పనిచేయడమనేది ఎండాకాలపు మేఘంవలె ఊరించి తప్పిపోతూ వచ్చింది. చివరకు 1964 ఫిబ్రవరి 6, గురువారం రాత్రి, ఆయన కూర్చిన ఇంత ఉమ్రీ అనే పాటను ఆమె పాడింది. పత్రికలు దీనిని మేఘాల కలయిక అని వర్ణించాయి. ఉమ్ర్ అంటే వయసు, ఆయువు. నీవే నా ఆయువు అని ఆ పేరుకు అర్థం.

పాట కంటె ముందు శ్రోతలను నిశ్చేష్టులను చేసింది దాని ఆరంభ వాద్యసంగీతం. అరబ్బులు దానిని ముకద్దమా అంటారు. మన ఊళ్ళలో ముకద్దమా అనగానే కోర్టు, వకీలు గుర్తుకు వస్తారు. కాని హాలీ తన కావ్యవిమర్శ గ్రంథానికి ముకద్దమా అని పేరు పెట్టింది పీఠిక అనే అర్థంలోనే. ఇక్కడ కూడ పీఠికయే. పూర్వం ఆమె పాటకు పీఠిక రెండు మూడు మాటలలో ముగిసేది. అబ్దుల్ వహాబ్ దానిని కొన్ని నిమిషాల స్వతంత్ర రచనగా పెంచాడు. అంతవరకు ఆమె వెనుక ఎన్నడూ వినబడని ఎలక్ట్రిక్ గిటారును అందులో చేర్చాడు. తంత్రీవాద్యాలు నెమ్మదిగా విన్నపం చేసుకొంటాయి, ఆగుతాయి, లయ ప్రవేశిస్తుంది, గిటారు పలుకుతుంది, మళ్ళీ బృందమంతా లేస్తుంది. రాగం కుర్ద్ అనే మఖామ్. స్వరస్థానాలను బట్టి చూస్తే హిందుస్తానీ భైరవి థాట్‌కు, మన తోడి మేళానికి దగ్గరి చుట్టం. నడక మాత్రం వేరు.

ఆ బృందంలో ఊద్ పట్టుకొని కూర్చొన్న వృద్ధుడిని గూర్చి చెప్పకుండా ముందుకు పోలేము. ఆయన అల్ కసబ్జీ. ఒకనాడు ఆమెకు కొత్తదనం నేర్పిన స్వరకర్త ఆయనే. 1940ల తరువాత ఆయన కూర్చిన కొత్త పాటలు ఆమె పాడలేదు. అయినా ఆయన ఆ బృందంలో ఊద్ వాయిస్తూ ఆమె వెనుకనే ఉండిపోయాడు, 1966లో మరణించేవరకు. తన చేతిలో పెరిగిన స్వరం తన రచనలను కాదని ఇతరుల రచనలకు మెరుగులు దిద్దుతుంటే ప్రతి నెలా అదే కుర్చీలో కూర్చొని వినడం ఎట్టి అనుభవమో మేము ఊహించుకోలేము.

ఇంత ఉమ్రీ విజయంతో పెద్ద పీఠికల కాలం వచ్చింది. అబ్దుల్ వహాబ్ తరువాత కూడ ఆమెకు పాటలు కూర్చాడు. 1970 నాటి దారత్ అల్ అయ్యామ్ వాటిలో ఒకటి. యువకుడైన బలీగ్ హమ్దీ జానపద లయలను పెద్ద బృందంలోకి తెచ్చాడు. 1964 నాటి సీరత్ అల్ హుబ్బ్, 1969 నాటి అల్ఫ్ లైలా వ లైలా ఆయనవే. ఈ పీఠికలలో లయ ఒకేచోట నిలవదు. మెల్లనిది వేగమవుతుంది, వేగమైనది ఒక్కసారిగా ఆగిపోతుంది, ఒంటరి వాద్యం తాళం లేకుండా ఆలాపన చేస్తుంది, మళ్ళీ బృందం అందుకొంటుంది. నర్తకికి ఇంతకంటె ఏమి కావాలి? ప్రవేశానికి ఒక భాగం, నడకకు ఒక భాగం, నిలిచి నడుమును మాత్రమే మెదిపే సున్నితమైన పనికి ఒక భాగం, ముగింపుకు ఒక భాగం ఆ పీఠికలోనే సమకూరి ఉన్నాయి. పైగా పీఠికలో గాయని లేదు. అంటే ముందుగా చెప్పలేని మలుపులు లేవు. వాద్యబృందం వ్రాసిపెట్టినట్లు వాయిస్తుంది. సాధనకు కావలసిన నిలకడ అక్కడ దొరికింది.

ఈ సందర్భంలో లయలను గూర్చి కొంత చెప్పడం అవసరం. ఈజిప్టు తబలా మన తబలా కాదు. ఒంటి మూతి గల పొడవాటి కుండవంటి వాద్యం. దాని నడిమి దెబ్బ దుమ్, అంచు దెబ్బ తక్. అన్నిటికంటె ఎక్కువగా వినబడే లయ మక్సూమ్. ఎనిమిది అక్షరాల ఆవృతంలో దుమ్ తక్ - తక్ దుమ్ - తక్ - అని నడుస్తుంది. విభజింపబడినదని ఆ మాటకు అర్థం. కిస్మత్, తక్సీమ్ అనే మాటలు దాని తోబుట్టువులే. ఒంటరి వాద్యపు ఆలాపనకు కూడ తక్సీమ్ అనియే పేరు. మక్సూమ్‌లో రెండవ అక్షరాన్ని తక్‌కు బదులు దుమ్ చేస్తే బలదీ లయ వస్తుంది: దుమ్ దుమ్ - తక్ దుమ్ - తక్ -. బలద్ అంటే ఊరు, దేశం. హైదరాబాదు వాసులు పురపాలక సంఘాన్ని బల్దియా అంటున్నది ఆ మాట నుండే. ఈజిప్టులో బలదీ అంటే మన ఇంటిది, మన వీధిది అన్న ఆత్మీయార్థం. రెండు మాత్రల వేగపు లయ మల్ఫూఫ్. చుట్టబడినదని అర్థం, లిఫాఫా దానికి బంధువు. నర్తకి రంగం మీదికి వచ్చేటప్పుడు ఎక్కువగా దీనినే వాయిస్తారు. ఈ మూడు లయలను చేతితో తట్టగలిగినవారు పాటలో లయ మారిన క్షణాన్ని పసిగట్టగలరు. పసిగట్టలేనివారు మారిన లయపై పాత అడుగు వేస్తారు. చూచేవారికి ఎక్కడో తప్పు జరిగిందని తెలుస్తుంది గాని, ఎక్కడో తెలియదు.

ఉమ్మె కుల్సూమ్ సంగీతానికి రంగస్థలంపై నృత్యం చేసిన తొలి ప్రసిద్ధ నర్తకులలో సుహైర్ జకీ పేరు ముందు చెబుతారు. ఆమె ఇంత ఉమ్రీకి నృత్యం చేసింది. మహాగాయని పాటకు నర్తకి ఆడడమా అని కొందరు ముక్కున వేలు వేసుకొన్నారట. గాయని కూడ మొదట సందేహించి, చూచిన తరువాత సమ్మతించిందని నృత్యకారులు కథగా చెప్పుకొంటారు. కథలో నిజమెంత ఉన్నా అది నిలిచిన కారణం మాకు స్పష్టమే. నర్తకుల కోవలో లెక్కింపబడకూడదని మగపిల్లవాడి కోటు తొడుక్కొన్న ఆ పిల్లకు, ఒక నర్తకి తన పాట ఎదుట వినయంగా నిలవడం ఏమని తోచి ఉంటుందో తెలుసుకోవాలని అందరికీ ఉంటుంది. సుహైర్ జకీ నృత్యపు చలనచిత్రాలు నేటికీ లభిస్తున్నాయి. ఆర్భాటం లేదు, వాద్యం చెప్పినది చెప్పినట్లు శరీరం వింటున్నదా అనిపిస్తుంది.

ఇక్కడ మాకు కొంత కష్టం తోచే సంగతి ఒకటి చెప్పాలి. పీఠిక నృత్యానికి అమరిన కొద్దీ దానిని పాట నుండి తుంచి వేరుగా వాయించడం ఆచారమయింది. సాధన కొరకు నాలుగైదు నిమిషాలకు కుదించి, గాయని స్వరం ప్రవేశించకముందే ముగించిన వాద్యరికార్డులు అసంఖ్యాకంగా వచ్చాయి. వాటి ఉపయోగాన్ని మేము కాదనము. లయ నిలకడగా ఉంటుంది, గుర్తుండి పోతుంది, పదిమంది కలిసి సాధన చేయడానికి వీలు. కాని ఆ పీఠికను వందసార్లు ఆడి, దాని తరువాత వచ్చే పాటను ఒక్కసారైనా వినని విద్యార్థులు ఉండడం విచారకరం. ఇంత ఉమ్రీ విషయమే తీసుకొందాము. ఆలస్యంగా దొరికిన ప్రేమ, దానికి ముందు వృథాగా గడచిన కాలం, ఇదీ ఆ పాటలోని వేదన. అది తెలిసిన నర్తకి పీఠికలోని మొదటి తంత్రీనాదానికి నవ్వుతూ పరుగెత్తుకొని రాదు.

కనుక సాధనకు ఆమె పాట ఎన్నుకొనేవారు మొదట కదలకుండా కూర్చొని మొత్తం విన్న తరువాతనే లేవాలని మా అభిప్రాయం. ఒకే పాటను ఆమె వేరు వేరు రాత్రులలో వేరు వేరుగా పాడిన రికార్డులు ఉన్నాయి. అవి వినడానికి, అడుగు కుదుర్చుకోవడానికి వాద్యరికార్డు మేలు. అరబ్బీ రానివారు కనీసం పల్లవి అర్థమైనా అడిగి తెలుసుకోవాలి. ఉర్దూ వచ్చినవారికి సగం మాటలు పరిచితమే గనుక మన విద్యార్థులకు ఇది కష్టం కాదు.

ఎన్నుకోకూడనివి కూడ ఉన్నాయి. ఆమె పాడిన పాటలు సుమారు 300. వాటిలో ప్రవక్త జననాన్ని కీర్తించే వులిదల్ హుదా ఉన్నది. అది అహ్మద్ షౌకీ కవిత. 1967లో పాడిన హదీస్ అర్రూహ్ ఉన్నది. అది మన అల్లామా ఇక్బాల్ షిక్వాకు అరబ్బీ రూపం, రియాజ్ అస్సున్బాతీ స్వరపరచినది. ఉర్దూ కవి భగవంతునితో పెట్టుకొన్న మొర నైలు తీరాన ఆ కంఠంలో వినబడిందంటే మా ఉర్దూ విద్యార్థులు గర్వించవచ్చు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను కూడ అహ్మద్ రామీ అనువాదంలో పాడింది. దువ్వూరి రామిరెడ్డిగారి పానశాల చదివిన తెలుగు విద్యార్థులు ఆ పాట విని పోల్చి చూచుకోవచ్చు. ఇట్టివి నర్తించడానికి కావు. సంగీతం ఎంత ఇంపుగా ఉన్నా భక్తిగీతాలకు నృత్యం చేయరాదని ఈజిప్టు నృత్యగురువులే శిష్యులను హెచ్చరిస్తారు. భాష తెలియక విదేశీ విద్యార్థులు ఇక్కడనే పొరబడతారు.

1967 జూన్ యుద్ధంలో ఈజిప్టు ఓడిపోయింది. దేశం కుంగిపోయిన ఆ రోజులలో ఆమె ఊరక కూర్చోలేదు. ఈజిప్టు పట్టణాలలోను, మొరాకో, ట్యునీషియా, కువైట్, సూడాన్, లిబియా దేశాలలోను కచేరీలు చేసి, వచ్చిన ధనాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. 1967 నవంబరులో పారిస్ ఒలింపియా రంగశాలలో రెండు రాత్రులు పాడింది. అప్పటికి ఆమె వయసు అరవై దాటిందో లేదో, పుట్టిన సంవత్సరం ఏదనుకొంటామో దానిని బట్టి ఉంటుంది. మూత్రపిండాల వ్యాధి ముదిరి, 1973 తొలి మాసాల తరువాత ఆమె మళ్ళీ నెలనెలా కచేరీలకు రాలేదు.

1975 ఫిబ్రవరి 3న కైరోలో మరణించింది. రెండు రోజుల తరువాత అంత్యక్రియలు. లక్షలాది జనం వీధులలో నిండిపోయారు. ప్రభుత్వం నిర్ణయించిన దారిని ఎవరూ లెక్కచేయలేదు. శవపేటికను అధికారుల భుజాలనుండి జనం తమ భుజాలకు ఎత్తుకొని, ఒకరి చేతినుండి మరొకరి చేతికి మార్చుకొంటూ, హుస్సేన్ మసీదు వైపు గంటల తరబడి నడిచారు. ఆ తరువాతనే ఖననం జరిగింది. కైరోలో ఆమె నివసించిన ఇల్లు నేడు లేదు. 2001లో రోదా దీవిలోని మనాస్తిర్లీ భవనం ఆవరణలో ఆమె పేర ఒక మ్యూజియం తెరిచారు. పతకాలూ బిరుదపత్రాలూ, ఆమె వేదికపై ధరించిన పొడుగుచేతుల గౌనులూ, నల్లకళ్ళద్దాలూ, పట్టు రుమాలూ అక్కడ అద్దాల బీరువాలలో ఉన్నాయి.